హితం ఎవరికి? తెలుగునాట బియ్యం, సారా విధానాల చరిత్ర (1937–1997)

ప్రవేశిక

భారత రాజ్యాంగంలోని 47వ అధికరణం ఒకే వాక్యంలో రెండు విధులను చెబుతుంది. ప్రజల పోషకాహార స్థాయిని, జీవన ప్రమాణాన్ని పెంచడం, ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వ ప్రాథమిక కర్తవ్యాలలో ఒకటని ఆ వాక్యం తొలి భాగం పేర్కొంటుంది. ఆరోగ్యానికి హాని చేసే మత్తు పానీయాలను, మాదక ద్రవ్యాలను ఔషధ ప్రయోజనాలకు తప్ప వినియోగించకుండా నిషేధించడానికి కృషి చేయాలని మలి భాగం నిర్దేశిస్తుంది. అన్నం అందించడం, మద్యం మాన్పించడం ఒకే కర్తవ్యానికి రెండు ముఖాలని రాజ్యాంగ నిర్మాతలు భావించినట్లు ఈ వాక్య నిర్మాణమే తెలుపుతున్నది.

1950లో అమలులోకి వచ్చిన ఈ భావనకు అర్థశాస్త్రంలో పారిభాషిక నామం ఆ తరువాత లభించింది. జర్మనీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఆర్థికవేత్త రిచర్డ్ మస్‌గ్రేవ్ 1950వ దశకం ద్వితీయార్ధంలో 'మెరిట్ వాంట్స్' అనే భావనను ప్రతిపాదించి, 1959లో వెలువరించిన 'ద థియరీ ఆఫ్ పబ్లిక్ ఫైనాన్స్' గ్రంథంలో దానిని వివరించారు. వినియోగదారు తనకు తానై కోరినంత మేరకు కాక, సమాజం మేలని భావించినంత మేరకు అందించవలసిన వస్తువులు ఈ కోవలోనివి. బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం, తక్కువ ధరకు గృహవసతి, ఉచిత విద్య ఆయన ఇచ్చిన ఉదాహరణలు. దీనికి విపర్యయంగా, ప్రభుత్వం పన్ను ద్వారా నిరుత్సాహపరచవలసిన వస్తువుకు ఆయన చూపిన ఉదాహరణ మద్యం.

మార్కెట్ సిద్ధాంతానికి ఈ భావన మొదటినుంచీ ఇబ్బందికరమైనదే. తనకేది కావాలో తనకే బాగా తెలుసునన్నది వినియోగదారు సార్వభౌమత్వ సూత్రం. ఆ సూత్రాన్ని పక్కనపెట్టి ఒకరి మేలును మరొకరు నిర్ణయించవచ్చునా, నిర్ణయించవలసి వస్తే ఆ అధికారం ఎవరిది అన్నది అసలు ప్రశ్న. ఈ ప్రశ్నకు సిద్ధాంత గ్రంథాలలో కన్నా తెలుగు ప్రాంతాల ఇటీవలి చరిత్రలో స్పష్టమైన సమాధానం లభిస్తుంది. బియ్యాన్ని, సారాను ఒకే కాలంలో, ఒకే ప్రభుత్వం ప్రజలకు అందించిన చరిత్ర అది. ఆ చరిత్రను పరిశీలించి, హితాహిత నిర్ణయం ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారిందో నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

పరిభాష

తెలుగు అర్థశాస్త్ర పాఠ్యగ్రంథాలలో ఈ పదాలకు 'మెరిట్ వస్తువులు', 'డీమెరిట్ వస్తువులు' అన్న మిశ్ర రూపాలు కనిపిస్తాయి. 'మెరిట్' అనగానే పరీక్షలో మార్కులు, ప్రతిభ స్ఫురించే తెలుగు విద్యార్థికి ఈ పేరు విషయాన్ని బోధించదు. భారతీయ సంప్రదాయంలో దీనికి సన్నిహితమైన భావనలు ఉన్నాయి. కఠోపనిషత్తు శ్రేయస్సును, ప్రేయస్సును వేరుచేస్తుంది. మనిషికి ప్రియమైనది ఒకటి, మేలైనది మరొకటి కావచ్చునన్నదే మస్‌గ్రేవ్ ప్రతిపాదనకూ మూలం. ఆయుర్వేదంలో చరకసంహిత హిత, అహిత విభాగాన్ని ఆయుస్సుకే అన్వయించింది.

ఈ కారణంగా 'హితవస్తువు', 'అహితవస్తువు' అన్న పదాలు సముచితమైనవి. వీటికి వ్యాకరణపరమైన మరొక బలం కూడా ఉన్నది. పాణినీయ సంప్రదాయంలో హిత శబ్దయోగంలో చతుర్థీ విభక్తి వస్తుంది. తెలుగులోనూ 'హితం' అన్న మాట 'ఎవరికి' అన్న ఆకాంక్షను వెంటబెట్టుకొని వస్తుంది. 'మెరిట్' వస్తువులోనే ఉన్న గుణంగా భాసిస్తుంది. 'హితం' ఒక వస్తువుకూ ఒక మనిషికీ మధ్యనున్న సంబంధాన్ని తెలుపుతుంది. ఈ భేదం పరిభాషకు మాత్రమే పరిమితమైనది కాదు. తెలుగునాట సారా చరిత్ర మొత్తం ఈ 'ఎవరికి' అన్న ప్రశ్న చుట్టూ తిరిగినదే.

ఆదాయ వనరుగా అహితం

మద్యాన్ని నియంత్రిస్తూనే దానినుంచి ఆదాయం పొందడం ప్రాచీన రాజనీతి. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో సురాధ్యక్షుని విధులు ప్రత్యేకంగా ఉన్నాయి. ఎక్కడ అమ్మాలి, ఎంత అమ్మాలి, పానశాలలు ఎట్లా ఉండాలి అన్న నియమాలు అందులో కనిపిస్తాయి. వలస పాలనలో ఈ వ్యవస్థ 'ఆబ్కారీ' పేరుతో కట్టుదిట్టమయింది. మద్రాసు రాష్ట్రంలో 1886 నాటి ఆబ్కారీ చట్టం, హైదరాబాదు రాజ్యంలో 1316 ఫసలీ నాటి ఆబ్కారీ చట్టం మద్యం తయారీని, అమ్మకాన్ని ప్రభుత్వ అనుమతికి లోబరచాయి. గురజాడ 'కన్యాశుల్కం' నాటకంలో సారా దుకాణం ఒక రంగస్థలం కావడం, నాటి తీరాంధ్ర సమాజంలో ఆ దుకాణం ఎంతగా దైనందిన జీవితంలో భాగమైనదో సూచిస్తుంది.

జాతీయోద్యమం ఈ ఆదాయ నీతిని ప్రశ్నించింది. 1920–22 నాటి సహాయ నిరాకరణ కాలంలో కల్లు దుకాణాల ముందు పికెటింగులు జరిగాయి. 1937లో మద్రాసు రాష్ట్రంలో అధికారం చేపట్టిన రాజాజీ ప్రభుత్వం మద్యనిషేధ చట్టం చేసి, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి సేలం జిల్లాలో అమలుపరచింది. 1938లో తెలుగు జిల్లాలైన చిత్తూరు, కడపలకు దానిని విస్తరించింది. కోల్పోయిన ఆబ్కారీ ఆదాయానికి బదులుగా 1939లో సాధారణ అమ్మకపు పన్నును ప్రవేశపెట్టింది.

ఈ చివరి చర్యకు హితవస్తు చర్చలో ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. అహితవస్తువుపై ఆధారపడిన ఖజానా దానిని వదులుకోవాలంటే మరొక ఆధారాన్ని ముందే వెదుక్కోవాలని రాజాజీ ప్రభుత్వం గ్రహించింది. తాగేవారినుంచి వసూలయ్యే పన్ను స్థానంలో కొనేవారందరినుంచి వసూలయ్యే పన్ను వచ్చింది. నిషేధం కొంతకాలం నిలిచిపోయి, స్వాతంత్ర్యానంతరం 1948 నాటికి రాష్ట్రమంతటా అమలయింది. అమ్మకపు పన్ను మాత్రం మధ్యలోనూ ఆగలేదు. సారాకు ప్రత్యామ్నాయంగా పుట్టిన పన్ను తరువాతి కాలంలో సారా ఆదాయంతో కలిసి రాష్ట్ర ఖజానాలను నింపింది.

ఒకే భాష, రెండు నిర్ణయాలు

1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి మద్యనిషేధం మద్రాసునుంచి వారసత్వంగా వచ్చింది. నిషేధం వల్ల కల్లుగీత వృత్తిపై ఆధారపడిన కుటుంబాలు జీవనోపాధి కోల్పోయాయి. గౌతు లచ్చన్న వంటి నాయకులు గీతకార్మికుల పక్షాన నిలిచారు. మద్యనిషేధ విధానంపై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. తాగేవారి హితం కోసం చేసిన చట్టం గీసేవారికి అహితమయింది. 'ఎవరికి' అన్న ప్రశ్నను విస్మరించిన హిత విధానం ఎదుర్కొన్న తొలి పెద్ద పరీక్ష ఇది.

హైదరాబాదు రాజ్యంలో ఇటువంటి నిషేధం లేదు. ఆబ్కారీ అక్కడి ప్రభుత్వ ఆదాయంలో ప్రధాన భాగం. తెలంగాణ పల్లెల్లో కల్లు మత్తు పానీయం మాత్రమే కాదు. గ్రామదేవతలకు సాక పోయడానికి, పెళ్ళికీ చావుకూ బంధువులను ఆదరించడానికి అవసరమైన వస్తువు. 1956 ఫిబ్రవరిలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో, తెలంగాణలో మద్యనిషేధం ఆ ప్రాంత శాసనసభ్యులు నిర్ణయించిన రీతిలో అమలు కావాలన్న అంశం చేరడానికి ఈ భేదమే నేపథ్యం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత దశాబ్దానికి పైగా ఒకే రాష్ట్రంలో రెండు మద్య విధానాలు కొనసాగాయి. తెలంగాణ ఆబ్కారీ ఆదాయం ఎక్కడ ఖర్చవుతున్నదన్న వివాదం మిగులు నిధుల చర్చలోనూ ప్రతిధ్వనించింది. 1968లో రాష్ట్రమంతటికీ ఏకరూప ఎక్సైజు చట్టం రావడం, 1960వ దశకం చివర ఆంధ్ర ప్రాంతంలో నిషేధం సడలడంతో రెండు విధానాలు ఒకటయ్యాయి. ఆ ఏకీకరణ హితం ప్రాతిపదికగా కాక ఆదాయం ప్రాతిపదికగా జరిగింది.

మస్‌గ్రేవ్ 1987లో ఈ భావనను పునఃపరిశీలిస్తూ, హితవస్తువుకు ఆధారంగా సముదాయ విలువలను పేర్కొన్నారు. వ్యక్తి ఇష్టాలకు అతీతంగా ఒక సముదాయం చరిత్రక్రమంలో ఏర్పరచుకొన్న విలువలుంటాయని ఆయన అభిప్రాయం. 1956 నాటి ఒప్పందం ఈ వాదానికి ఒకవైపు సమర్థన, మరొకవైపు సవాలు. విలువలు సముదాయానివే కావచ్చు. కాని ఒకే భాష మాట్లాడే ఒకే రాష్ట్రంలో సముదాయం ఒక్కటి కాదు. అంతేకాదు, ఒప్పందం చేసుకొన్నవారందరూ రాజకీయ నాయకులు. ఒక్కొక్క ఇంటిలోనూ సముదాయం ఒక్కటి కాదన్న సంగతి వారి చర్చకు రాలేదు.

రెండు రూపాయల బియ్యం, వారుణి వాహిని

1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ ఏడాది ఏప్రిల్ 14న కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రారంభించింది. నిర్ణీత ఆదాయ పరిమితిలోని కుటుంబానికి నెలకు గరిష్ఠంగా 25 కిలోల వరకు చౌకధరల దుకాణం ద్వారా బియ్యం అందేవి. ఇది హితవస్తువుకు శుద్ధమైన ఉదాహరణ. సిద్ధాంతరీత్యా పేదవానికి నగదు ఇస్తే తన అవసరాన్ని తానే ఎంచుకొంటాడు. అదే ఎక్కువ సంతృప్తినిస్తుంది. నగదుకు బదులు బియ్యం ఇవ్వడమంటే ఆ ఎంపికను కొంత పరిమితం చేయడమే. ఆ పరిమితికి సమర్థన కుటుంబంలో ఉన్నది. నగదు ఎవరి చేతికి చేరుతుందో వారి ఇష్టప్రకారం ఖర్చవుతుంది. బియ్యం నేరుగా వంటింటికి చేరతాయి.

బియ్యాన్నే హితవస్తువుగా ఎంచుకోవడంలోనూ ఒక సామాజిక నిర్ణయం ఇమిడి ఉన్నది. రాయలసీమలో, తెలంగాణలో జొన్న, సజ్జ, రాగి నిత్యాహారంగా ఉన్న అనేక కుటుంబాలకు వరి అన్నం పండుగ భోజనం. రెండు రూపాయల బియ్యం ఆకలినే కాక, అన్నం విషయంలో ఉన్న అంతస్తుల భేదాన్ని కూడా కొంత తగ్గించింది. అదే సమయంలో చిరుధాన్యాలను వెనక్కి నెట్టింది. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టం బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలకూ స్థానం కల్పించడంతో ఆ నిర్ణయానికి చట్టరీత్యా సవరణ లభించింది. ఏది హితమన్నది పోషక విలువతో పాటు గౌరవ విలువతోనూ ముడిపడి ఉంటుందని ఈ పరిణామం చూపుతుంది.

ఇదే దశాబ్దంలో ప్రభుత్వ సారా ప్యాకెట్ల రూపంలో పల్లెపల్లెకూ చేరింది. ఈ పథకానికి 'వారుణి వాహిని' అన్న పేరు పెట్టారు. వారుణి పాలకడలి మథనంలో పుట్టిన సురాధిదేవత, వాహిని నది. 'సారా' అన్న మాటలోని నిందను తొలగించి పౌరాణిక గాంభీర్యాన్ని కల్పించిన ఈ నామకరణం అధికార భాష వినియోగంలో గమనింపదగిన ఘట్టం. సారా ఎక్కడో ఊరిబయట దుకాణంలో దొరికే స్థితి పోయి, ప్యాకెట్టుగా మారి ఇంటి గుమ్మం దాకా, పొలం గట్టు దాకా వచ్చింది.

అమ్మక విధానమే ఈ విస్తరణకు కారణం. సారా దుకాణాలను వేలంపాటలో దక్కించుకొన్న కాంట్రాక్టరు తాను చెల్లించిన మొత్తాన్ని, దానిపై లాభాన్ని నిర్ణీత కాలంలో రాబట్టుకోవాలి. అహితవస్తువుపై పన్ను వేస్తే ధర పెరిగి వినియోగం తగ్గుతుందన్నది సిద్ధాంతం. అలవాటు పడినవానికి ధర పెరిగినా వినియోగం తగ్గదు. ఇంటి ఇతర ఖర్చులు తగ్గుతాయి. వేలం పద్ధతిలోనైతే అమ్మకం పెంచవలసిన ఒత్తిడి అమ్మేవానిపై పడుతుంది. నిరుత్సాహపరచడానికని సిద్ధాంతం చెప్పిన పన్ను, ఆచరణలో ప్రోత్సాహానికి సాధనమయింది. 1970–71లో సుమారు 39 కోట్ల రూపాయలున్న రాష్ట్ర ఎక్సైజు ఆదాయం 1991–92 నాటికి 800 కోట్లు దాటింది. చౌకబియ్యం వల్ల కుటుంబానికి మిగిలిన రూపాయి ఏ దారిన ఖజానాకు తిరిగి చేరుతున్నదో ఈ అంకెలు తెలుపుతాయి.

పాఠం నుంచి ఉద్యమం

ఈ దారిని మొదట గుర్తించి నిరోధించినవారు ఆర్థికవేత్తలు కారు, నెల్లూరు జిల్లా పల్లె స్త్రీలు. 1990వ దశకం తొలినాళ్ళలో ఆ జిల్లాలో 'అక్షరదీపం' పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం జరిగింది. పగలు కూలిపనులు చేసుకొన్న స్త్రీలు రాత్రివేళ చదువుకొనే కేంద్రాలలో వాచకంలోని పాఠాలు చర్చకు వచ్చేవి. సారా వల్ల ఛిద్రమైన సంసారాన్ని చిత్రించిన 'సీతమ్మ కథ' ఆ పాఠాలలో ఒకటి. పాఠంలోని సీతమ్మ కష్టం చదువుతున్నవారి కష్టమే కావడంతో అక్షరాభ్యాసం ఆత్మపరిశీలనగా మారింది. దూబగుంట గ్రామ స్త్రీలు తమ ఊరిలో సారా అమ్మకాన్ని నిలిపివేయించారు. రోశమ్మ పేరు ఈ ఘటనతో 'దూబగుంట రోశమ్మ'గా రాష్ట్రమంతటా ప్రసిద్ధమయింది.

తరువాత జరిగినది తెలుగు పాఠ్యరచనా చరిత్రలో అరుదైన విషయం. దూబగుంట అనుభవం 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న శీర్షికతో అనంతర వాచకంలో పాఠమయింది. ఒక పాఠం ఒక ఊరిని కదిలించింది. ఆ ఊరి కథ మరొక పాఠమై అనేక గ్రామాలను కదిలించింది. వాచకంలోని భాష శిష్టసాహిత్య భాష కాదు, చిన్న వాక్యాల వాడుక తెలుగు. కొత్తగా అక్షరాలు నేర్చినవారి కోసం రాసిన గద్యానికి ప్రభుత్వ ఆదాయ విధానాన్ని నిలదీసే శక్తి కలగడం, ఆధునిక తెలుగు గద్య ప్రయోజనాన్ని అంచనా వేసేవారు పరిగణించవలసిన అంశం. 1992 నాటికి ఉద్యమం జిల్లా ఎల్లలు దాటింది. స్త్రీలు సారా ప్యాకెట్లను తగులబెట్టారు, దుకాణాలు మూయించారు, వేలంపాటలను అడ్డుకొన్నారు. నెల్లూరులో వేలం పదేపదే వాయిదా పడింది. 'ఈనాడు' వంటి దినపత్రికలు ఈ పోరాటానికి విస్తృత ప్రచారం కల్పించాయి.

ఉద్యమ వాదంలోని ఆర్థిక తర్కం సునిశితమైనది. సారా తాగడం పాపమన్న ధర్మబోధ దానికి ప్రధానం కాదు. కూలి డబ్బు సారాకు పోతే బియ్యానికి మిగలదన్నది దాని మూలసూత్రం. అర్థశాస్త్రం వినియోగదారు ఇష్టాన్ని లెక్కించేటప్పుడు కుటుంబాన్ని ఒకే వ్యక్తిగా పరిగణించడం పరిపాటి. ఇక్కడ తాగేది ఒకరు, పస్తులుండేది, దెబ్బలు తినేది మరొకరు. కొనుగోలుదారు సార్వభౌమత్వం ఇంటిలోని మిగిలినవారి పరాధీనతగా పరిణమించింది.

దీనికి ఒక ఆక్షేపణ ఉండవచ్చు. ఇతరులకు కలిగే నష్టాన్ని అర్థశాస్త్రం బాహ్య ప్రభావంగా వేరుగా పరిగణిస్తుంది. అందుచేత స్త్రీల వాదం అహితవస్తు భావనకు సంబంధించినది కాదని చెప్పవచ్చు. ఈ విభజన శాస్త్రరీత్యా సబబైనదే. కాని భార్యాబిడ్డలను బయటివారుగా లెక్కించినప్పుడే వారి నష్టం 'బాహ్య' ప్రభావమవుతుంది. కుటుంబం పేరుతో వారి ఇష్టాన్ని లోపలిదిగా కలుపుకొని, నష్టం దగ్గర మాత్రం బయటిదిగా చూపడం ఆ లెక్కలోని లోపం. నెల్లూరు స్త్రీలు ఎత్తిచూపినది ఈ లోపాన్నే. ఎవరి మేలు కోసం నిషేధం అవసరమో వారే దానిని కోరారు గనుక, హితవస్తు విధానంపై సాధారణంగా వచ్చే పైనుంచి రుద్దిన పెత్తనమన్న విమర్శ ఈ సందర్భంలో చాలావరకు బలహీనపడుతుంది.

నిషేధం, ఉపసంహారం

కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1994 డిసెంబరులో తిరిగి అధికారం చేపట్టిన ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్యనిషేధాన్ని ప్రకటించారు. 1995 నాటి మద్యనిషేధ చట్టం దానికి రూపమిచ్చింది. మధ్యకాలంలో మూడున్నర రూపాయలకు పెరిగిన చౌకబియ్యం ధరను మళ్ళీ రెండు రూపాయలకు తగ్గించారు. 47వ అధికరణంలోని రెండు భాగాలూ రాష్ట్రంలో ఏకకాలంలో అమలయిన స్వల్పకాలం ఇదే.

అది ఎక్కువ కాలం నిలవలేదు. పొరుగు రాష్ట్రాలనుంచి దొంగ రవాణా, నాటుసారా తయారీ నిషేధాన్ని దెబ్బతీశాయి. ఖజానా ఇబ్బందులు తీవ్రమయ్యాయి. నాయకత్వం మారిన తరువాత 1996లో బియ్యం ధర మూడున్నర రూపాయలకు పెరిగింది. 1997లో సంపూర్ణ నిషేధం తొలగింది. హితవస్తువుపై రాయితీ తగ్గడం, అహితవస్తువుపై నిషేధం తొలగడం ఏడాది వ్యవధిలో జరగడం కాకతాళీయం కాదు. రెండూ ఒకే ఖజానాకు సంబంధించిన పద్దులు. 1939లో రాజాజీ ప్రభుత్వం చేసినట్లు నిషేధానికి దీటైన ఆదాయ వనరును 1995లో స్థిరపరచలేకపోవడం ఈ వైఫల్యానికి ముఖ్య కారణం.

సారాపై నిషేధం మాత్రం 1997 తరువాతా కొనసాగింది. సీసాలలోని విదేశీ తరహా మద్యం చట్టబద్ధమయి, పేదవాని ప్యాకెట్టు చట్టవిరుద్ధంగా మిగిలింది. ఉద్యమం గెలిచిన భాగం ఇదే, ఓడిన భాగమూ ఇదే. స్త్రీలు కోరినది ఇంటి కూలి డబ్బుకు రక్షణ; చట్టం నిషేధించినది ఆ డబ్బు పోయే దారులలో ఒకదానిని.

ముగింపు

ఆరు దశాబ్దాల ఈ చరిత్రనుంచి మూడు నిర్ణయాలు చేయవచ్చు. మొదటిది, హితాహితాలు వస్తువులో స్థిరంగా ఉండే గుణాలు కావు. కల్లు ఒక ప్రాంతంలో నిషిద్ధం, మరొక ప్రాంతంలో ఆచారం, గీతకార్మికునికి అన్నం. రెండవది, అహితవస్తువుపై పన్ను వేసే ప్రభుత్వం క్రమంగా దానిపై ఆధారపడుతుంది. ఆ ఆధారాన్ని ముందే మార్చుకోని నిషేధం నిలవదు. మూడవది, హితనిర్ణయానికి అధికారం నిపుణునికో పాలకునికో సహజంగా సంక్రమించదు. ఒక వస్తువు వినియోగం వల్ల కలిగే నష్టాన్ని భరించేవారి మాటకు అందులో ప్రథమస్థానం ఉండాలి.

మస్‌గ్రేవ్ చెప్పిన సముదాయ విలువలు అనే మాటకు దూబగుంట ఒక అవసరమైన సవరణ. సముదాయం తరఫున అంతవరకు మాట్లాడినవారు వేలం పాడినవారు, వేలం వేసినవారు, ఒప్పందాలు చేసుకొన్నవారు. సంతకం చేయడం అప్పుడప్పుడే నేర్చుకొంటున్న స్త్రీలు ఆ సముదాయంలో తామూ ఉన్నామని చెప్పిన తరువాతనే, రాజ్యాంగంలోని పాత వాక్యం రెండు భాగాలూ కలిపి చదవవలసినదని ప్రభుత్వానికి గుర్తుకువచ్చింది.